పన్నెండో గూడు

నమోదు 1. సోమవారం.

ఆఫీసు రిజిస్టరులో ఒక్కో పాటకు ఒక్క గడే ఉంటుంది. పాట ఏ గూటిలో పడిందో ఆ గూటి పేరు రాసి సంతకం పెట్టాలి. ఎందుకలా రాశామో చెప్పడానికి చోటు లేదు. అందుకే ఈ రోజు నుంచి ఈ నోటుపుస్తకం విడిగా పెడుతున్నాను. రేపు ఎవరైనా నిలదీస్తే చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఈ రోజు ముప్పై ఏడు పాటలు వచ్చాయి. ముప్పై నాలుగింటిని మా యంత్రం గోడచెవి తనంతట తానే గూళ్ళలో వేసుకుంది. మూడు నా బల్ల మీదికొచ్చాయి. మొదటిది రెండో వలయంలో పంపు బాగుచేస్తున్న మనిషిది. నట్లు బిగిస్తూ జోలపాట పాడుతున్నాడు. గోడచెవి దాన్ని జోల గూటిలో వేసి, పక్కన ఉయ్యాల కిర్రుమనే చప్పుడు ఉండాలి కదా అని వెతికి, స్పానరు మోత విని కంగారుపడింది. రెండోది పెళ్ళివారిది. అప్పగింతల పాటను తీసుకెళ్ళి ఏడుపు పాటల్లో పడేసింది. దాన్ని తప్పుపట్టలేను. పెళ్ళికూతురి మేనత్త నిజంగానే వెక్కివెక్కి ఏడుస్తోంది.

మూడోది ఐదో వలయంలోని నాచు షెడ్డు నుంచి వచ్చింది. తొమ్మిది గంటలకు దంపుడు పాట అంది గోడచెవి. మధ్యాహ్నం మూడింటికి అదే పాటను జోల అంది. మాటలు అవే, గొంతు అదే. దరువు మాత్రం వేరు.

గోడలకు చెవులుంటాయని పైన భూమ్మీద మాటవరసకు అంటారు. అరవై మీటర్ల నీటి కింద వలయాలుగా కట్టిన మా అడుగూరులో నిజంగానే ఉన్నాయి. గోడలో పగులు పుడితే చిటుక్కుమంటుంది. ఆ చిటుకును వినిపించుకోవడమే గోడచెవి పని. మాటలనూ మోటార్ల రొదనూ అది సులువుగా వలిచి పారేస్తుంది. పాట దగ్గరే చిక్కు. పాటకు దరువుంటుంది, పగులుకూ ఒక్కోసారి దరువుంటుంది. పాట ఏ రకమో తెలిస్తే, ఆ రకానికి తోడుండే చప్పుళ్ళేవో చూసుకుని వాటిని కూడా వలిచేస్తుంది. రకం తేలకపోతే భయపడి ఆ వలయం తలుపులన్నీ పది నిమిషాలు మూసేస్తుంది. జనం లోపల ఇరుక్కుని శబ్దగదిని, అంటే నన్ను, తిట్టుకుంటారు.

ఈ రోజు ఐదో వలయం తలుపులు రెండుసార్లు మూసుకున్నాయి. రేపు వెళ్ళి చూడాలి.

నమోదు 2. మంగళవారం.

షెడ్డు వలయం బయటి గోడకు ఆనుకుని ఉంది. ఒక పొడవాటి బల్ల, దాని వెంట గోడకు వీపుపెట్టి పన్నెండు మంది ఆడవాళ్ళు. పచ్చి నాచు కట్టలు ముందేసుకుని, కాడ ఒకవైపు, ఆకు ఒకవైపు కోసి వేస్తున్నారు. తలుపు దాకా పాట వినబడింది. నేను లోపల అడుగు పెట్టగానే ఆగిపోయింది. పాటతో పాటు పన్నెండు కత్తులూ ఆగాయి. అది నాకు నచ్చలేదు.

"పాడుతున్నది ఎవరు?" అన్నాను.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరి పీట మీదున్నావిడ కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. యాభై ఆరు, యాభై ఏడు ఉంటాయి. చేతివేళ్ళు ఉప్పుకు పగిలి ఉన్నాయి.

"నానేనమ్మా. సూరాడ పారమ్మని. ఏటి కత?"

"ఇది ఏ పాట పారమ్మా?"

"పాటే."

"అది తెలుసు. ఏ రకం పాటని?"

"మా యమ్మ సేపలేరినపుడు పాడీది. మా పెద్దమ్మ పిల్లల్ని ఊపినపుడు పాడీది. మా మామగోరు పోనపుడు ఈదిలో ఆడోలందరూ ఇదే పాడినారు. రకం నాకేటి తెలుసు?"

"ధాన్యం దంచేటప్పుడు?"

"దంపితే దంపుడికీ పాడతాం. తప్పేటి?"

పక్కనున్నావిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను పారమ్మను శబ్దగదికి తీసుకొచ్చి నమూనా కోసం పాడమన్నాను. కాసేపు గది పైకప్పు చూసి మొదలుపెట్టింది.

"ఉప్పు తిన్న సేతికి ఉంగరమెందుకే
సెప్పనా సెల్లెలా సేతిలో సంగతి..."

గొంతు బాగుంది. కానీ దరువు లేదు. పాట నీళ్ళలో వదిలిన గుడ్డలా సాగిపోయింది. రకం తేలలేదు అని గోడచెవి ఎర్రదీపం వెలిగించింది.

"దరువేది?" అని అడిగాను.

"దరువు ఆడుంటాది. ఈడెందుకుంటాది?"

"ఇక్కడ పాడితే ఎందుకుండదు?"

"మీ ఆపీసులో కత్తట్టుకుని కూకోమంటావేటమ్మా?" అని లేచింది. "పొద్దుగూకీలోగా నాలుగు కట్టలవ్వాల. ఎల్లొత్తాను."

షెడ్డులో దరువుతో పాడే మనిషి నా ముందు దరువు దాచుకుంది. ఎందుకు దాచుకుంటుంది?

నమోదు 3. గురువారం.

నిన్న ఐదుసార్లు, ఈ రోజు తొమ్మిదిసార్లు తలుపులు మూసుకున్నాయి. పాట ఇప్పటికి నాలుగు గూళ్ళు తిరిగింది. దంపుడు, జోల, పడవపాట, ఈ మధ్యాహ్నం ఏకంగా భజన.

భజన అన్న మాట వినగానే మా అధికారి సన్యాసినాయుడు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఎందుకో నాకు తెలుసు. మూడేళ్ళ కిందట నాలుగో వలయంలో కొందరు పదకొండు రోజులు వరసగా మధ్యాహ్నం భజన పెట్టారు. గోడచెవి తాళాలూ చప్పట్లూ వలిచేసి నిశ్చింతగా ఉంది. ఆ తాళాల చాటున మందుల కొట్టు గోడను రంపంతో కోశారు. పన్నెండో రోజు భజన లేదు, మందులూ లేవు. అప్పటి శబ్దగది మనిషిని పడవెక్కించి పైకి పంపేశారు. ఆ ఖాళీలోకే తెనాలి నుంచి నేను వచ్చాను.

"షెడ్డు పక్కనేటున్నాది?" అని అడిగారు నాయుడు గారు.

"బియ్యం కొట్టు."

"ఇంకేటి మరి!"

"అంత తొందరపడి అనలేమండీ."

"సువర్చలమ్మా, పాట మారతన్నాదంటే ఎవులో మారుత్తన్నారు. ఊరకే ఎవులూ పాట మార్చరు. నువ్వు చదువుకున్నదానివి, నీకు నాను సెప్పాలేటి?"

సాయంత్రం కూర్చుని నాలుగు రోజుల పాటలూ పక్కపక్కన పెట్టి విన్నాను. సోమవారం పొద్దున దరువు నాలుగేసి దెబ్బల చొప్పున గట్టిగా ఉంది, మధ్యాహ్నానికి ఎడం పెరిగి ఉయ్యాల ఊపులా అయింది. మంగళవారం ఆ మార్పు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. బుధవారం ఇంకొంచెం ఆలస్యంగా. ఈ రోజు దెబ్బలు మూడు, నాలుగు, మూడు, ఐదు. ఎవరో ఎవరికో ఏదో చెబుతున్నట్టుంది. పారమ్మ గొంతు ఆ దెబ్బల మీద ఒక్కటి కూడా తప్పకుండా కాలు పెట్టుకుంటూ నడుస్తోంది.

నమోదు 4. శనివారం.

గోడల మరమ్మతులు చూసే గవరయ్యను వెంటబెట్టుకుని బియ్యం కొట్టు చూశాను. తాళాలు బాగున్నాయి. మధ్యగోడ మీద గీత కూడా లేదు. బస్తాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏం పోనేదు," అన్నాడు గవరయ్య.

ఇంకా పోలేదు అని నేను మనసులో అనుకున్నాను.

అక్కడినుంచి తిన్నగా షెడ్డుకు వెళ్ళాను. ఈసారి చెప్పులు తలుపు బయటే విడిచి, చప్పుడు కాకుండా. అయినా ఆగిపోయారు. ఒకామె బల్లకిందికి ఏదో తోసింది. వంగి చూశాను. కెటిల్. లోపల టీ. షెడ్డులో పొయ్యి వెలిగించకూడదు. అది చిన్న తప్పు, కానీ చిన్న తప్పు దాచేవాళ్ళు పెద్దది దాచరని ఏముంది?

"పారమ్మా, పాట ఎందుకు మారుస్తున్నావు?"

"నాను మార్సనేదమ్మా."

"నాలుగు రోజుల పాటా నా దగ్గరుంది. దరువు పూటకో రకంగా ఉంది."

"దరువు మారతన్నాది, నిజమే. మా సేతులు దానెనకాల ఎల్తన్నాయి. సేతులెనకాల పాట ఎల్తన్నాది. అంతే."

"దరువు ఎవరు వేస్తున్నారు?"

"ఎవులేత్తారు? అదే పడతాది."

"అంటే?"

"మీ మిషనున్నాది కదా, పొద్దస్తమానం ఇంటాది. దాన్నడుగు."

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఈ ఊరికి వచ్చి మూడేళ్ళయినా నా మాట వినగానే వీళ్ళు పెదవులు బిగిస్తారు. పైనుంచి వచ్చినదాన్ని, గోడల వెనక కూర్చుని వాళ్ళ పాటలు వినేదాన్ని. నన్ను చూసి నవ్వడం కొత్తకాదు. కానీ ఇది నవ్వులాట కాదు. తలుపులు ఈ రోజు పద్నాలుగుసార్లు మూసుకున్నాయి. ఒక గర్భిణి వైద్యుడి గది దారిలో చిక్కుకుని పది నిమిషాలు నేల మీద కూర్చుంది.

నమోదు 5. సోమవారం.

ఈ రోజు ముగిసింది. లేదా ముగిసిందనుకుంటున్నాను.

పొద్దున్నే నాయుడు గారి గదికి పారమ్మను పిలిపించాం. విచారణ తేలేదాకా నాచు షెడ్డులో పాట పాడరాదని కాగితం రాశాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుంది. చదవడం రాదని అప్పటిదాకా అనుకున్నాను.

"ఎన్నాళ్ళు?"

"తేలేదాకా," అన్నాను.

"ఏటి తేలాలమ్మా?"

నాయుడు గారు కల్పించుకున్నారు. "సంతకం పెట్టి ఎల్లు పారమ్మా. మాకు సేనా పనులున్నాయి." తర్వాత, ఆవిడ ఇంకా సంతకం పెడుతుండగానే, నావైపు తిరిగి అన్నారు: "ఆ గూడేదో కొత్తది ఒకటెట్టి పడేయ్. ఈ తలుపుల గొడవ వదుల్తాది."

మా గూళ్ళు పదకొండు. పాటల రకాలు అన్నే ఉంటాయని వాటిని పెట్టినవాళ్ళు అనుకున్నారు. పన్నెండోది నేను పెట్టాను. దాని నియమం సులువైనది. ఐదో వలయం బయటి గోడ మీద ఈ దరువు ఏ వేగంలో వచ్చినా, ఎన్ని దెబ్బలుగా వచ్చినా, అది పాటే. వలిచేయి, తలుపులు మూయకు. గూటికి పేరు పెట్టమని అడిగితే పారమ్మ అని కొట్టాను.

పాట మానమని చెప్పాక గూడెందుకని ఒక్క క్షణం అనిపించింది. కానీ వాళ్ళు మానతారన్న నమ్మకం నాకు లేదు. దొంగచాటుగా పాడినా తలుపులు మాత్రం మూసుకోకూడదు. పైగా వలిచినదంతా ఆ గూటిలో దాచి ఉంటుంది. ఎవరు మాట తప్పారో విని పట్టుకోవచ్చు.

మధ్యాహ్నం నుంచి ఒక్క తలుపు కూడా మూసుకోలేదు. నాయుడు గారు వచ్చి భుజం తట్టి వెళ్ళారు.

నమోదు 6. గురువారం. నిన్నటి సంగతి.

నిన్న రాయలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఈ బుధవారం పచ్చి నాచు రాక షెడ్డుకు సెలవిచ్చారు. భోజనం చేసి వచ్చి, రెండు రోజులుగా పన్నెండో గూటిలో ఏం చేరిందో తీసి చూశాను. మంగళవారం పాట లేదు. మాటలు, కత్తుల చప్పుడు, వాటి కింద దరువు. గొంతు మూసుకుని చేతులతో సాధిస్తున్నారన్నమాట అనుకున్నాను. బుధవారం తీశాను. పొద్దున ఆరు గంటల నుంచి అప్పటిదాకా గూడు నిండా దరువు. మాట లేదు, దగ్గు లేదు, పీట జరిపిన చప్పుడు లేదు. ఉత్త దరువు. మునుపటికంటే వడిగా.

సెలవు రోజున తాళం తీసుకుని లోపల కూర్చున్నారు! నాకు కోపంతో పాటు, నిజం చెప్పాలంటే, సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు చేతికి చిక్కారు. గవరయ్యకు కబురుపెట్టి, అతను వచ్చేదాకా ఆగలేక ఒక్కదాన్నే వెళ్ళాను.

షెడ్డు తలుపుకు తాళం ఉంది. నా దగ్గరున్న తాళంచెవితో తీశాను. లోపల దీపం వేశాను. ఎవరూ లేరు. కత్తులు కడిగి వరసగా మేకులకు తగిలించి ఉన్నాయి. పీటలు బల్ల కిందికి తోసి ఉన్నాయి. బల్ల ఆ చివర నుంచి ఈ చివరకు వంగి చూశాను. కొట్టు వైపు తలుపు లాగి చూశాను. ఎవరూ లేరు.

పారమ్మ కూర్చునే చోట పీట లాక్కుని కూర్చున్నాను. అలసట వల్ల కూర్చున్నాను, ఆలోచించి కాదు. వీపు గోడకు తగిలింది.

టిక్. టిక్ టిక్. టిక్. టిక్ టిక్ టిక్.

చెవితో కాదు, ముందు వీపుతో విన్నాను. వెన్నెముకలోకి వచ్చింది. వెనక్కి తిరిగి అరచేయి ఆనించాను. గోడ నా చేతిని లోపలినుంచి వేలితో పొడుస్తున్నట్టుగా ఉంది.

గవరయ్య వచ్చి "ఏటమ్మా, ఎవులున్నారు?" అంటే పక్కకు జరిగాను. గోడ చూపించాను. అతను నడుముకున్న ఇనుపకడ్డీ తీసి ఒక కొన గోడకూ, ఒక కొన చెవికీ పెట్టుకున్నాడు. కడ్డీ ఇంకో చోటికి జరిపి మళ్ళీ విన్నాడు.

"ఎన్నాళ్ళయినాది ఇది?"

"పది రోజులు."

"పోటుకొకలగ, ఆటుకొకలగ కొట్టుకుంటాదమ్మా పగులు. నీటి బరువు మారతాది కదా. గోడచెవి సెప్పనేదేటి?"

వారం రోజులు అది చెబుతూనే వచ్చింది. సోమవారం నేనే నోరు నొక్కాను.

"జనాన్ని కాళీ సేయించు," అన్నాడు. "నాను లోపలి తలుపు సూత్తాను."

నాయుడు గారికి ఫోను చేశాను. ఆయన మొదటి మాట, "నువ్వే కదా ఆ గూడెట్టినావు?" తర్వాత గంట మోగించారు.

ఎవరూ కదల్లేదు. ఐదో వలయంలో నూట నలభై మంది ఉంటారు. మొన్న సోమవారం దాకా వారం పాటు రోజుకు పదేసిసార్లు గంట మోగి తలుపులు మూసుకున్నాయి. గంట వినగానే ఇంట్లోకెళ్ళి పడుకోవడం అలవాటైపోయింది. నేను గుమ్మం గుమ్మానికీ వెళ్ళి అరిచాను. ఒకాయన పేకముక్కలు పంచుతూ "మల్లీ మొదలెట్టినారేటమ్మా?" అన్నాడు. ఒకామె నా మొహం మీదే తలుపేసింది.

పారమ్మ ఇల్లు వరసలో ఆఖరిది. ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి, "ఈయాల పాడనేదమ్మా. సెలవు కదా," అంది.

"షెడ్డు గోడ పగిలింది. ఆ దరువు గోడది."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "గొట్టాం కొట్టుకుంటన్నాదనుకున్నాం," అని నెమ్మదిగా అంది. ఇంకేమీ అడగలేదు. లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వరస మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

"ఒలే అప్పయమ్మా! ఎర్రయ్యా! లెగండి! గోడ పోతన్నాది! సామానొగ్గీండి, పిల్లల్నట్టుకు రండి! నాను సెప్తన్నాను, నాను!"

నేను గొంతు చించుకున్నా తెరుచుకోని తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పేకాడుతున్నాయన ముక్కలు కిందపడేసి పరుగెత్తాడు. మోకాళ్ళు పనిచెయ్యని ముసలాయన ఒకడుంటే ఆయన్ను నేనూ పారమ్మా కుర్చీతో సహా మోసుకొచ్చాం. నాలుగో వలయం గడప దాటాక లెక్క చూస్తే అందరూ ఉన్నారు. గవరయ్య ఆఖరున వచ్చాడు. లోపలి తలుపు చక్రం తిప్పుతుంటే అది వెనక్కి కొట్టి కుడిచేతి రెండు వేళ్ళు తీసుకుంది. తువ్వాలు చుట్టుకుని, మొహం తెల్లబడి, "మూసీండి" అన్నాడు.

సాయంత్రం నాలుగు గంటలు దాటాక గోడ పోయింది. తలుపుకు ఇవతల నిలబడి విన్నాం. పెద్ద మోతేమీ కాదు. బరువైన మూట ఎవరో దించినట్టుగా ఉంది. తర్వాత నీళ్ళు. షెడ్డు, బియ్యం కొట్టు, ఇరవై రెండు ఇళ్ళు. పారమ్మ తలుపుకు అరచేయి ఆనించి చాలాసేపు అలాగే ఉంది. నేను పక్కన నిలబడ్డాను. ఆవిడ నావైపు చూడలేదు.

నమోదు 7. శనివారం.

పడవలో పైనుంచి ఇద్దరు వచ్చారు, విచారణాధికారిగా ఒక పెద్దావిడ, రాసుకోవడానికి ఒక గుమాస్తా. విచారణ నిన్నా ఈ రోజూ జరిగింది.

ఇప్పుడు అనుమానం నా మీద. పగులును కప్పిపెట్టే గూడు ఎందుకు పెట్టావు? ఎవరు పెట్టమన్నారు? బియ్యం కొట్టుకు ఆ వారంలోనే ఎందుకు వెళ్ళావు? అన్నీ సబబైన ప్రశ్నలే. వాళ్ళ స్థానంలో నేనుంటే నేనూ అవే అడిగేదాన్ని.

"కొత్త గూడు పెట్టమని నేను చెప్పలేదు," అన్నారు నాయుడు గారు, చక్కటి ఆఫీసు భాషలో. నావైపు చూడకుండానే అన్నారు.

నేను ఈ నోటుపుస్తకం ముందుపెట్టాను. పెద్దావిడ పేజీలు తిప్పింది. "ఇది మొన్న కూర్చుని రాసుకున్నది కాదని ఏమిటి రుజువు?" అంది. రుజువు లేదు. పుస్తకం మూసి నాకు ఇచ్చేసింది.

ఈ రోజు పారమ్మను పిలిచారు. అప్పు తెచ్చుకున్న చీర కట్టుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక్క మాట ఆవిడ తనకు తోచినట్టు చెబితే నన్ను జైలుకు పంపొచ్చు. ఆవిడకు అందుకు కారణం ఉంది. ఇల్లు పోయింది, పాట మానమని కాగితం మీద సంతకం పెట్టించుకున్నదాన్ని నేను.

"ఆ రోజు నాయుడు గారి గదిలో ఏం జరిగింది?" అని పెద్దావిడ అడిగింది.

"నాను సంతకమెడతన్నాను. నాయుడుగోరు ఈయమ్మతోటి అన్నారు, ఆ గూడేదో కొత్తదొకటెట్టి పడేయ్, తలుపుల గొడవ వదుల్తాదని. నాకు సెవుడు నేదు."

పెద్దావిడ నావైపు వేలు చూపించింది.

"అయితే ఈమె తప్పు లేదంటావు?"

"నానలగ అన్నేదు." పారమ్మ ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి నన్ను చూసింది. "దరువు అదే పడతాదని ఈయమ్మకి సెప్పినాను. మా వోలందరి ముందరా సెప్పినాను. నవ్వుతన్నాననుకున్నాది. ఈవిడ సెడ్డది కాదు. ఇనడం రాదు."

గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత తన కాగితంలో ఒక గడి ఖాళీగా ఉండిపోయిందని చూసుకుని అడిగాడు. "ఇంతకీ అది ఏ రకం పాట?"

"నువ్వేటి రాసుకుంటావు బాబూ?"

"జానపదం, భక్తి, ఇంకా..."

"నాచు కోసినపుడు నాచుది. సచ్చినపుడు సావుది. మీ గడి సిన్నదయితే నానేటి సెయ్యను?"

పెద్దావిడ ఆ గడి వదిలేయమని గుమాస్తాకు చెప్పింది.

సాయంత్రం తీర్పు చెప్పారు. నాయుడు గారు అదే పడవలో పైకి వెళ్తున్నారు. నాకు దురుద్దేశం లేదని తేలింది. శబ్దగది నుంచి తీసేశారు. గవరయ్య చెయ్యి నయమయ్యేదాకా, ఆ తర్వాత కూడా అతనికి సాయంగా, కడ్డీ పట్టుకుని గోడలు వినే పని ఇచ్చారు. పడవెక్కి వెళ్ళిపోవచ్చని కూడా అన్నారు. వెళ్ళనన్నాను. ఎందుకన్నానో నాకే సరిగ్గా తెలియదు.

నమోదు 8. సోమవారం. నెల దాటింది.

రోజుకు నలభై గోడలు. చెవి కిందిభాగం కాయకాచింది. మొదటి వారం నాకు గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. గవరయ్య ఎడమచేత్తో నా భుజం నొక్కి, ఊపిరి బిగబట్టొద్దు, మెల్లగా వదులుతూ వినమని నేర్పాడు. ఇప్పుడు నీటి గొట్టానికీ గాలి గొట్టానికీ తేడా తెలుస్తోంది.

నాచు షెడ్డును నాలుగో వలయంలో సామాన్ల గదిలోకి మార్చారు. ఇరుకు. పన్నెండు మంది మోకాళ్ళు తగులుకుంటూ కూర్చుంటారు. నేను వెళ్ళేది రోజూ పదిన్నరకు. నేను వెళ్ళగానే పాట ఆగుతుంది. గోడ వింటాను, వచ్చేస్తాను. వాళ్ళు మాట్లాడరు, నేనూ మాట్లాడను. వాళ్ళకు క్షమాపణ చెప్పాలని రెండుసార్లు అనుకున్నాను. ఇరవై రెండు ఇళ్ళకు ఏ మాట సరిపోతుందో తెలియక ఊరుకున్నాను.

ఈ రోజు కడ్డీ గోడకు ఆనించి, విని, తీసేస్తుంటే పారమ్మ కత్తి ఆపకుండానే అడిగింది.

"ఏటినిపిత్తంది?"

"ఏమీ లేదండీ."

"సరిగ్గా ఇన్నావా?"

విన్నాననే చెప్పబోయాను. చెప్పకుండా కడ్డీ మళ్ళీ పెట్టాను. ఊపిరి మెల్లగా వదిలాను. దూరంగా పంపు, దానికంటే దూరంగా ఎవరో బిందె జరిపిన చప్పుడు. బల్ల మీద కత్తులు. వాటి వెనక నీళ్ళు, నీళ్ళ బరువు. ఇంకేమీ లేదు. అందరూ నావైపే చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. అయినా తొందరపడలేదు. పక్కకు జరిగి ఇంకో చోట విన్నాను, కింద ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని విన్నాను.

"ఏమీ లేదు," అన్నాను లేస్తూ.

"అయితే ఎల్లు. మాకు పనున్నాది."

బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగాను. అది పూర్తిగా పడకముందే లోపల పారమ్మ పాట అందుకుంది, వెనకాలే మిగతావాళ్ళు. ఆగి వినాలనిపించింది. ఆగలేదు. ఇంకా పదిహేడు గోడలున్నాయి.